నొప్పి లేదు కదా అని ఏడు వారాలు ఆగారు

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఒక పుండు పడి ఏడు వారాలైంది. అంతకుముందు అక్కడ ఆనెకాయ ఉండేది, నేనే బ్లేడుతో చెక్కుకునేవాణ్ని. నొప్పి అస్సలు లేదు. నడుస్తున్నాను, ఆఫీసుకు వెళ్తున్నాను. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి, ఆయింట్‌మెంట్ రాసి కట్టు కట్టుకుంటున్నాను. రెండు కోర్సులు యాంటీబయాటిక్ కూడా వాడాను. మానినట్టే ఉంటుంది, నాలుగు రోజులకు మళ్లీ సాక్సుకు తడి అంటుతుంది. మా అమ్మకు 76 ఏళ్లు. ఆవిడకు లోపలివైపు చీలమండకు కాస్త పైన ఎనిమిది నెలలుగా పుండు ఉంది, నీరు కారుతూనే ఉంటుంది. ఇద్దరం ఒకే ఆయింట్‌మెంట్ వాడుతున్నాం. కాలి పుండ్లకు వేరే స్పెషలిస్టులు ఉంటారు, వెళ్లు అని మా తమ్ముడు పోరుతున్నాడు. రూపాయి బిళ్లంత కూడా లేని పుండుకు అంత హడావుడి అవసరమా? వెళ్తే ఏం చేస్తారు? వేలు తీసేస్తారేమో అని టెన్షన్. ఇంతకన్నా మంచి ఆయింట్‌మెంట్ ఉంటే చెప్పండి.

సమాధానం: ఆయింట్‌మెంట్ పేరు అడిగారు కాబట్టి ముందు దాని సంగతి తేల్చేస్తాను. చెప్పను. దాచుకోవడానికి కాదండీ, మీ అరికాల్లో ఉన్నలాంటి పుండును మాన్పే ఆయింట్‌మెంట్ అంటూ ఏదీ లేదు. మీ తమ్ముడు చెప్పిందే కరెక్టు. తీరిక దొరికినప్పుడు కాదు, ఈ వారమే వెళ్లండి, అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ పుండు పైనుంచి పడే బరువు వల్ల వచ్చినట్టుంది, ఆవిడది కిందనుంచి పైకి ఎక్కలేని రక్తం వల్ల వచ్చినట్టుంది. రెండింటికీ ఒకే ట్యూబు పూయడమంటే పంక్చరైన టైరుకీ కారుతున్న కొళాయికీ ఒకే అతుకు వేసినట్టు. కళ్లతో చూడకుండా ఇంతకు మించి గట్టిగా చెప్పలేను, అందుకే చూసేవాళ్ల దగ్గరికి పంపుతున్నాను.

"నొప్పి అస్సలు లేదు" అని మీరు ధైర్యంగా రాశారు. నాకు ఆ వాక్యం దగ్గరే గుండె గతుక్కుమంది. అక్కడ చర్మం తెగి ఏడు వారాలుగా మాంసం బయటికి ఉంది, దాని మీద మీ ఒళ్లంతా బరువు మోపి రోజూ ఆఫీసుకు వెళ్లొస్తున్నారు, అయినా నొప్పి లేదంటే పుండు చిన్నదని అర్థం కాదు, కబురు మోసే నరాలు పడుకున్నాయని అర్థం. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల్లో నరాలు ఇలాగే మొద్దుబారతాయి, అది కూడా ఎంత మెల్లగా అంటే మనిషికి తెలియనే తెలియదు. ఒకాయన సాయంత్రం బూటు విప్పబోతే రాలేదు. చూస్తే అడుగున దిగిన మేకు బూటునీ పాదాన్నీ కలిపి కుట్టేసింది. పొద్దుటినుంచీ దాని మీదే తిరిగాడు.

మామూలు మనిషికి అరికాల్లో చిన్న ముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తాడు? కుంటుతాడు. ఆ కుంటడమే ఒంటికి తెలిసిన మొదటి వైద్యం, బరువును పుండు మీదనుంచి పక్కకు తప్పిస్తుంది. మీరు కుంటడం లేదు. రోజుకు అయిదు వేల అడుగులు వేస్తారనుకుందాం, అందులో రెండున్నర వేలు కుడికాలివి, అంటే రాత్రి పుట్టిన పలచటి కొత్త చర్మాన్ని పగలు రెండున్నర వేలసార్లు నలిపేస్తున్నారు. ఆదివారం ఇంట్లో కూర్చుంటే కాస్త మూసుకుంటుంది, సోమవారం ఆఫీసుకు వెళ్తే మళ్లీ తెరుచుకుంటుంది. మానినట్టే ఉండి నాలుగు రోజులకు సాక్సు తడవడం వెనక ఉన్న మర్మం ఇదే. సర్జన్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో వెల్లూరులో కుష్ఠు రోగుల చేతులూ కాళ్లూ చూస్తూ గమనించింది కూడా ఇదే. జబ్బు వల్ల వేళ్లు వాటంతటవే రాలిపోవడం లేదు, స్పర్శ లేక దెబ్బలు తగిలించుకుని, తెలియక వాటి మీదే నడిచి పోగొట్టుకుంటున్నారు. ఆ తర్వాత షుగర్ పాదాలకు చేసే వైద్యం చాలావరకు ఈ గమనిక మీదే నిలబడింది.

ఇక ఆ ఆనెకాయ. ఒకేచోట ఒత్తిడి పడుతుంటే చర్మం తనను తాను కాపాడుకోవడానికి దళసరి అవుతుంది, బాగానే ఉంది, కానీ దళసరైన ఆ ముద్దే తర్వాత బూటులో పడ్డ గులకరాయిలా లోపలి మాంసాన్ని నొక్కుతుంది. పైకి గట్టిగా పసుప్పచ్చగా కనిపిస్తున్న ఆనెకాయ కింద నల్లటి నెత్తుటి చుక్క కనిపించిందంటే పుండు అప్పటికే పడిపోయిందన్నమాట, మూత ఇంకా తెరుచుకోలేదు, అంతే. బ్లేడుతో మీరే చెక్కుకోవడం గురించి తిట్టాలని ఉంది గానీ ఉత్తరం రాసి అడిగిన మనిషిని ఏం తిడతాం. ఇకమీదట మాత్రం వద్దు. స్పర్శ లేని చర్మాన్ని కోస్తున్న చేతికి ఎక్కడ ఆగాలో తెలియదు.

స్పెషలిస్టు దగ్గర ఏం చేస్తారని అడిగారు. పని తెలిసినవాళ్లయితే ముందు రెండు కాళ్లూ విప్పించి చూస్తారు, బాగున్న కాలిని కూడా. తర్వాత మీ బూటులో చెయ్యి పెట్టి తడుముతారు. నవ్వుకోకండి, ఇది నేను తలవంపులతో నేర్చుకున్న పాఠం. కొత్తలో ఒకావిడ చిటికెన వేలి పక్కన పుండుకు మూడు నెలలు కట్లు మార్చాను, మందులు మార్చాను, నా దగ్గరున్న తెలివంతా ఖర్చు చేశాను. మా సీనియర్ ఒకరోజు వచ్చి పుండు వంక కూడా చూడకుండా ఆవిడ బూటు తీసి లోపల వేళ్లు పోనిచ్చి, మడత పడి రాయిలా గట్టిపడిన అట్టముక్క ఒకటి బయటికి లాగి నా చేతిలో పెట్టారు. పుండు నెల రోజుల్లో మానింది.

ఆ తర్వాత స్పర్శ చూస్తారు. మోనోఫిలమెంట్ అని చేపల గాలం దారంలా ఉండే నైలాన్ పోగు ఉంటుంది, సరిగ్గా పది గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. మీరు కళ్లు మూసుకుంటారు, అది తగిలినప్పుడల్లా చెప్పాలి. చాలామంది అక్కడే మొదటిసారి భయపడతారు, ఎందుకంటే వాళ్లు "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగేసరికి పరీక్ష సగం అయిపోయి ఉంటుంది. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి బొటనవేలి ఎముక మీద ఆనించి అదురు తెలుస్తోందా అని కూడా చూస్తారు.

స్పర్శ తర్వాత రక్తం. మందు ఏదైనా, కట్టు ఏదైనా, మానడానికి కావాల్సిన సరుకు మోసుకొచ్చేది రక్తమే, అది వేలి దాకా రాకపోతే మిగతా వైద్యమంతా వృథా. పాదం మీద, చీలమండ వెనక నాడి పట్టి చూస్తారు, డాప్లర్ అనే చిన్న యంత్రంతో రక్తం పారే చప్పుడు వింటారు, చీలమండ దగ్గర బీపీ కొలిచి చేతి బీపీతో భాగిస్తారు. చేతికి 140, చీలమండకు 84 వచ్చిందనుకోండి, 0.6 అన్నమాట. 0.9 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే కాలికి వెళ్లే ధమనులు ఇరుకయ్యాయని అనుమానించాలి. మీకు సంబంధించిన మెలిక ఒకటుంది ఇందులో. షుగర్ ఉన్నవాళ్ల రక్తనాళాలకు సున్నం పట్టి గట్టిపడితే పట్టీ ఎంత బిగించినా అవి నొక్కుకోవు, అప్పుడు అంకె 1.4 దాటిపోవచ్చు, లేదా లోపల అడ్డు ఉన్నా "నార్మల్" అని చూపించవచ్చు. అందుకే చీలమండ దగ్గర ఆగకుండా బొటనవేలి బీపీ కూడా కొలవమనండి. అది 30 కన్నా తక్కువ ఉంటే పుండు తనంతట తాను మానే అవకాశం బాగా తక్కువ. ముందు రక్తనాళం సంగతి చూడాలి, యాంజియోప్లాస్టీయో బైపాసో వ్యాస్కులర్ సర్జన్ తేలుస్తారు. సిగరెట్ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఆ నాళాలను రోజూ మీరే బిగిస్తున్నట్టు.

పుండు లోతు చూడటానికి మొన మొద్దుగా ఉండే స్టీలు పుల్లతో మెల్లగా తడుముతారు. పుల్ల చివర గట్టిగా టక్కున తగిలితే ఎముక దాకా పోయిందేమో అని అనుమానం, ఎక్స్‌రే తీస్తారు. ఎముకకు ఇన్‌ఫెక్షన్ సోకినా ఎక్స్‌రేలో కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి ఎక్స్‌రే బాగుందని పొంగిపోకూడదు, అనుమానం తీరకపోతే మళ్లీ తీస్తారు, లేదా ఎంఆర్ఐ అంటారు.

ఆ తర్వాతే కత్తి. భయపడకండి, డీబ్రైడ్‌మెంట్ అంటే పుండు చుట్టూ గట్టిపడ్డ అంచునూ లోపలి చచ్చిన పొరలనూ చెక్కి, నెత్తురు చెమర్చే ఆరోగ్యమైన మాంసం దాకా రావడం. మొద్దుబారిన పాదమైతే మత్తు కూడా అక్కర్లేదు, కాలు వాళ్లకు అప్పజెప్పి మీరు మాట్లాడుకుంటూ కూర్చుంటారు. ఇంటికొచ్చి చూసుకుంటే మాత్రం పుండు పొద్దున ఉన్నదానికి రెట్టింపు కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు "వెళ్లకముందే నయంగా ఉంది" అని గొడవ మొదలుపెడతారు. అది పెరగలేదు, మూత కింద దాక్కున్నది కనిపించింది, అంతే. వారానికోసారో రెండు వారాలకోసారో ఇది మళ్లీ చేయాల్సి రావచ్చు. అయితే రక్తం సరిగ్గా లేని కాలికి ఇలా చెక్కితే కొత్త పుండు చేసినట్టే, కనుక నాడి చూడకుండా కత్తి పట్టేవాళ్లను కాస్త ఆపి అడగండి. ఎండి నల్లబడిన వేలినైతే రక్తం సంగతి తేలేదాకా తడపకూడదు, ఎవరూ గిల్లకూడదు.

మీరు వాడిన రెండు కోర్సుల యాంటీబయాటిక్ గురించి. అది ఇన్‌ఫెక్షన్‌ను తగ్గిస్తుంది, పుండును మాన్పదు. ఈ రెండూ ఒకటే అనుకునే సగం ప్రపంచం మింగేస్తోంది. పుండు చుట్టూ అర సెంటీమీటరు దాటిన ఎరుపు, వాపు, వేడి, నొక్కితే నొప్పి, చీము, వీటిలో కనీసం రెండు కనిపిస్తేనే ఇన్‌ఫెక్షన్ అంటారు. తెరిచి ఉన్న ఏ పుండు మీదైనా క్రిములు ఉంటాయి కాబట్టి పైపైన దూదిపుల్లతో తుడిచి ల్యాబుకు పంపితే ఏదో ఒకటి మొలుస్తుంది, దాన్ని చూసి మందు రాయడం అందుకే తప్పు, శుభ్రం చేశాక లోపలి మాంసం ముక్క పంపితేనే అసలు దొంగ దొరుకుతాడు. నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉంటే మామూలుగా ఒకటి రెండు వారాలు సరిపోతుంది, ఎముకకు సోకి ఆ ఎముకను తీయకపోతే ఆరు వారాల దాకా వాడాలి. షుగర్ అదుపులో ఉండాలని వేరే చెప్పాలా, అది మీకు తెలుసు, మీ డాక్టరూ చెప్పే ఉంటారు.

పెరాక్సైడ్ ఇవాళ్టితో ఆపేయండి. బుసబుసా నురగ వస్తుంటే లోపలంతా శుభ్రమైపోతున్నట్టు తృప్తిగా ఉంటుంది గానీ, అది క్రిములతోపాటు కొత్తగా పుడుతున్న కణాలను కూడా కాల్చేస్తుంది. సెలైన్ చాలు, లేకపోతే శుభ్రమైన నీళ్లు. పాదాన్ని నీళ్లలో నానబెట్టకండి. అలాగని గాలి తగిలితే ఎండి మానుతుందని తెరిచి కూడా పెట్టకండి. జార్జ్ వింటర్ అనే ఆయన 1962లోనే పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం, ఎండబెట్టి పక్కు కట్టనిచ్చిన గాయాల కన్నా దాదాపు రెండింతలు వేగంగా పరుచుకుంది. దూది నేరుగా పెట్టుకుంటుంటే అదీ వద్దు, పోగులు అంటుకుని కట్టు మార్చినప్పుడల్లా కొత్త చర్మం దానితో ఊడొస్తుంది.

ఇప్పుడు అసలు వైద్యానికి వస్తున్నాను, దీన్ని ఆఫ్‌లోడింగ్ అంటారు, తెలుగులో చెప్పాలంటే పుండు మీదనుంచి బరువు దించడం. మీలాంటి పుండుకు, రక్తం బాగుండి పెద్ద ఇన్‌ఫెక్షన్ లేకపోతే, మోకాలి కింది దాకా వేసే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ గానీ, బూటులా ఉండి విప్పడానికి వీల్లేకుండా చుట్టేసిన వాకర్ గానీ మొదటి ఎంపిక. విరిగిన కాలికి వేసే పిండికట్టులాంటిదే, కాకపోతే కాలి ఆకారానికి అచ్చుగుద్దినట్టు అతుక్కుని ఉండి, పుండు ఉన్న ఒక్క చోట పడే బరువును పాదమంతటికీ, కొంత పిక్కకూ పంచేస్తుంది. వారానికోసారి విప్పి పుండు చూసి మళ్లీ వేస్తారు. రెండో కాలికి కాస్త ఎత్తు బూటు అడగండి, లేకపోతే ఎగుడుదిగుడై నడుం పట్టేస్తుంది.

"విప్పుకునేది ఇవ్వండి డాక్టర్, జాగ్రత్తగా వేసుకుంటాను" అని మీరూ అంటారు, అందరూ అంటారు. ఒక పరిశోధనలో అడుగులు లెక్కపెట్టే పరికరాలను ఇలాంటి విప్పే వాకర్‌లో ఒకటీ, రోగి నడుముకు ఒకటీ పెట్టి లెక్కలు పోల్చి చూస్తే, వేసిన అడుగుల్లో 28 శాతమే అది వేసుకుని వేసినవి. వాళ్లేం అబద్ధాలకోరులు కాదు. బయటికెళ్లేటప్పుడు బుద్ధిగా వేసుకుంటారు, ఇంట్లోకి రాగానే "ఇంట్లో ఎంత నడుస్తాంలే" అని విప్పేస్తారు. మంచం నుంచి బాత్రూమ్, అక్కడినుంచి వంటింట్లోకి మంచినీళ్లకు, కాలింగ్ బెల్ మోగితే తలుపు దాకా. నొప్పి పుట్టదు కాబట్టి గుర్తుచేసేవాళ్లు ఎవరూ లేరు. అందుకే విప్పలేనిది వేయమనడం మీ మీద నమ్మకం లేక కాదు, నొప్పి చేయాల్సిన పనిని దానిచేత చేయించడానికి. అపాయింట్‌మెంట్ దొరికే లోపు రోజులు ఎలా అంటే, ఆఫీసుకు సెలవు పెట్టండి, ఇంట్లో కూడా చేతికర్రలో, నడవడానికి ఆసరాగా ఉండే స్టాండో పట్టుకుని కుడికాలి ముందు భాగం నేలకు ఆనకుండా కదలండి. ఈ ఏడు వారాలూ మీరు చేసిన కట్లన్నిటికన్నా ఆ కొద్దిరోజుల విశ్రాంతి ఎక్కువ పని చేస్తుంది.

అమ్మగారి సంగతి పూర్తిగా వేరు. లోపలి చీలమండకు పైన, నెలల తరబడి, నీరు కారుతూ అన్నారంటే మొదట అనుమానించేది సిరలను. కాలినుంచి గుండెకు రక్తాన్ని పైకి పంపే సిరల్లో కవాటాలు పాడైతే రక్తం కిందికే దిగజారి చీలమండ చుట్టూ నిలవ ఉంటుంది, వాపు వస్తుంది, చర్మం గోధుమరంగుకు తిరిగి అట్టకట్టినట్టవుతుంది, చివరికి చిన్న గీరుడుకే పుండు పడుతుంది. కాలు పైకి పెట్టుకుంటే ఆవిడకు హాయిగా ఉంటుందా అని అడగండి. అదే బయటివైపు చీలమండ మీదో, వేలి చివర్లోనో, మడమ మీదో ఉలితో తొలిచినట్టు గుంటగా ఉండి, రాత్రిళ్లు సలుపు పుట్టి కాలు మంచం కిందికి వేలాడేస్తే గానీ నిద్ర పట్టకపోతే అది ధమనుల జబ్బు వైపు చూపిస్తుంది. ఈ తేడా ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే, సిరల పుండుకు అసలు మందు కట్టు బిగింపే. చీలమండ దగ్గర దాదాపు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉండి పైకి వెళ్లేకొద్దీ తగ్గేలా నాలుగు పొరల్లోనో రెండు పొరల్లోనో కడతారు. అదే బిగింపు ధమనులు మూసుకుపోతున్న కాలికి వేస్తే వచ్చే కాస్త రక్తం కూడా ఆగి వేళ్లు నల్లబడతాయి. అందుకని ఆవిడకు కూడా చీలమండ బీపీ కొలిచాకే, కట్టడం వచ్చినవాళ్ల చేత కట్టించాలి. మందుల షాపులో క్రేప్ బ్యాండేజీ కొని మీరే బిగించకండి, దయచేసి.

విశ్రాంతి తీసుకున్నంతసేపూ ఆవిడ కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టుకుంటే మంచిది, స్టూలు మీద పెట్టుకోవడం ఎత్తులోకి రాదు, పడుకుని దిండ్ల మీద పెట్టాలి. కట్టు ఉన్నప్పుడు చీలమండను పైకీ కిందికీ ఆడిస్తుంటే పిక్క కండ పంపులా రక్తాన్ని పైకి తోస్తుంది. మీరిద్దరూ వాడే ట్యూబు ఆవిడకు వెంటనే మాన్పించండి. ఎన్నాళ్లుగానో ఉన్న ఇలాంటి పుండ్ల చుట్టూ చర్మానికి ఆయింట్‌మెంట్లే పడక దురద, ఎరుపు వచ్చి ఇంకా నీరు కారడం చాలా మామూలు. సిరలను లేజర్‌తోనో రేడియోఫ్రీక్వెన్సీతోనో మూసేసే చికిత్స తొందరగా చేయిస్తే పుండు త్వరగా మానుతుందని 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది, ఆ మాట కూడా డాక్టర్ దగ్గర ఎత్తండి. ఎనిమిది నెలలైంది కాబట్టి ఇంకొకటి. పుండు అంచు ఎక్కడైనా పైకి లేచి కాలీఫ్లవర్‌లా కనిపిస్తే, ముట్టుకుంటే నెత్తురు వస్తుంటే, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపమని అడగండి. పాత పుండ్లలో అరుదుగా క్యాన్సర్ తలెత్తుతుంది, కట్లు కట్టుకుంటూ కూర్చుంటే అది తెలియదు.

వేలు తీసేస్తారేమో అన్న భయం. అబద్ధం చెప్పను, కొన్నిసార్లు తీయాల్సి వస్తుంది, ఎముక కుళ్లిన వేలు ఒకటి తీసి పాదాన్ని నిలబెట్టడం ఓటమి కాదు. కానీ అక్కడిదాకా వచ్చేవాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువమంది డాక్టర్ దగ్గరికి తొందరపడి వెళ్లినవాళ్లు కాదు, ఇదే భయంతో ఆలస్యం చేసినవాళ్లు. రేపు ఎవరైనా వేలో పాదమో తీయాలి అంటే మీరు అడగాల్సిన మాట ఒకటుంది: "కాలికి రక్తం ఎంత వస్తోందో చూశారా, దాన్ని పెంచే దారి ఉందా?" దానికి సూటిగా జవాబు రాకపోతే, ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకిన ఎమర్జెన్సీ కాకపోతే, వ్యాస్కులర్ సర్జన్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకునే హక్కు మీకుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది ఊరిని బట్టి మారుతుంది. డయాబెటిక్ ఫుట్ క్లినిక్ అనో, గాయాల క్లినిక్ అనో ఉంటే సరే. పాదాల వైద్యం చేసే పోడియాట్రిస్టు, వ్యాస్కులర్ సర్జన్, షుగర్ డాక్టర్, కట్లు కట్టే నర్సు, బూట్లు తయారుచేసే ఆర్థోటిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటయితే ఇంకా మంచిది. అవేవీ లేకపోతే పాదాలను శ్రద్ధగా చూసే జనరల్ సర్జనైనా చాలు. బోర్డు కన్నా పని చూడండి. సాక్సు విప్పించకుండా చీటీ రాసేశారంటే లేచి వచ్చేయండి.

మానుతోందో లేదో కళ్లతో అంచనా వేయకండి, మోసపోతారు. వారానికోసారి పుండు పక్కన స్కేలు పెట్టి, ఒకే దూరంనుంచి, ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయించండి. పొడవునూ వెడల్పునూ హెచ్చించండి. ఇవాళ రెండు సెంటీమీటర్లు ఇంటూ ఒకటిన్నర ఉంటే మూడు, సరైన వైద్యం మొదలయ్యాక నాలుగు వారాలకు అది ఒకటిన్నరకు దిగాలి. సగానికి రాలేదంటే అదే పద్ధతి ఇంకో నెల సాగదీయకూడదు. బరువు నిజంగా దిగుతోందా, రక్తం వస్తోందా, ఎముక ఏమైంది అని మొదటినుంచి చూడాలి. వ్యాక్యూమ్ కట్టు, చర్మం అతికించడం లాంటివి ఆ తర్వాతి మాట, పునాది లేకుండా వాటికి డబ్బు తగలేయకండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ వారం దాకా కూడా ఆగొద్దు. జ్వరం, వణుకు, పుండునుంచి కుళ్లు వాసన, గంటగంటకూ పైకి పాకుతున్న ఎరుపు, గజ్జల్లో బిళ్లలు కట్టడం, ఏ వేలైనా నల్లబడటం, కారణం లేకుండా షుగర్ ఒక్కసారిగా ఎగబాకడం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి, తెల్లవారే దాకా చూద్దాం అనుకోకండి. ఇంకోటి ఉంది, చాలామందికి తెలియదు: పుండు లేకపోయినా పాదం మొత్తం ఎర్రగా వాచి, రెండో పాదం కన్నా వేడిగా, అంతగా నొప్పి లేకుండా ఉంటే అది షార్కో ఫుట్ కావచ్చు. లోపల ఎముకలు మెత్తబడి నలిగిపోతుంటాయి, మొదట్లో ఎక్స్‌రే కూడా బాగానే ఉండొచ్చు, బెణుకు అనుకుని నడిస్తే పాదం ఆకారమే మారిపోతుంది. ఆ పాదాన్ని నేల మోపకుండా వెళ్లాలి.

మానాక కూడా మిమ్మల్ని వదలను. ఇలాంటి పుండ్లు మానినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే, 65 శాతం మందికి అయిదేళ్లలోపు మళ్లీ పడుతున్నాయి. ఎందుకంటే చర్మం మూసుకుంది గానీ నరాలు లేవలేదు, ఎముక ఆకారం మారలేదు, ఒత్తిడి పడే చోటు అదే. పాదం కొలతలు తీసి చేసిన బూట్లు, వాటి లోపల ఆ చోట బరువు తగ్గించే ఇన్‌సోల్, రోజూ రాత్రి అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవడం, ఆనెకాయ మళ్లీ వస్తే క్లినిక్‌లోనే తీయించుకోవడం, ఇవి ఇక మీ జీవితంలో భాగం. అమ్మగారికైతే పుండు మానాక బిగుతు సాక్సులు రోజూ వేయాలి, వాటిని ఎక్కించడమే పెద్ద యుద్ధం, మీరో తమ్ముడో పొద్దున్నే మంచం దిగకముందే సాయం పట్టండి.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన యాంటీబయాటిక్‌ల చీటీలు, ఇద్దరి మందుల లిస్టు, ఫోన్‌లో పాత ఫొటోలు ఉంటే అవి పట్టుకెళ్లండి. ఆఫీసుకు రోజూ ఏ బూట్లు వేసుకుంటారో అవి సంచిలో వేసుకుని వెళ్లండి, డాక్టర్ దగ్గరికి కదా అని కొత్త జత తీసుకెళ్లకండి.